రాజవ్వ ఉన్న డిస్కు

లోకంలో మోసగాళ్ల పేర్లు రాయమంటే మొగులయ్య మొదటి పేరుకు ఒక్క క్షణం కూడా ఆలోచించడు. పటాన్‌చెరు వీడియో నరసరాజు. ఏడో తరగతిలోనే బడి మానేసినా ఆ పేరు మాత్రం తప్పు లేకుండా రాయగలడు.

చెల్లెలు సునంద పెళ్లికి వీడియో తీసింది నరసరాజే. పెళ్లయిన మూడు నెలలకే తల్లి రాజవ్వ పోయింది. ఆసుపత్రి అప్పు నెత్తిన కూర్చుంటే, లక్డారంలో ఇంటి వెనకే ఉన్న చేనుకు కారుచౌక బేరం తెచ్చిందీ అతనే. కొన్నవాళ్లు గోదాం కట్టుకున్నారు. నరసరాజు కెమెరా వదిలేసి ప్లాట్లు అమ్ముకుంటూ కారు కొన్నాడు. మొగులయ్య పాశమైలారంలో మందుల కంపెనీలో మిషన్లు కడిగే పనికి కుదిరాడు.

ఇంతా చేసి అతనిచ్చిన పెళ్లి వీడియో డిస్కు కూడా సరిగ్గా నడవలేదు. మరుసటి ఏడు పక్కింటివాళ్ల ప్లేయర్‌లో పెడితే బ్యాండు మోగింది, పెళ్లికొడుకు కారు దిగాడు, రాజవ్వ ఇంట్లోంచి ఒక కాలు బయటపెట్టింది. అంతే. గడప మీద ఆ కాలు, కాలికి వెండి కడియం. బొమ్మ అక్కడే ఆగిపోయింది. నిలదీస్తే, "నేనిచ్చినప్పుడు మంచిగనే నడిచిందన్నా" అన్నాడు నరసరాజు. అసలు టేపు మీద అప్పటికే ఇంకొకరి పెళ్లి ఎక్కించేశాడట.

రాజవ్వకు రేషన్ కార్డు మీద బొటనవేలంత ఫోటో తప్ప ఇంకోటి లేదు. అందులోనూ కళ్లు మూసుకుని ఉంటుంది. గొంతు అయితే మొగులయ్యకు జ్ఞాపకంలో కూడా అరిగిపోతూ వచ్చింది. పదిహేనేళ్లు మరి.

సంగారెడ్డిలో డిగ్రీ చదివే కూతురు నిషితకు ఈమధ్య సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నారు. పాతది కాబట్టే దానికి డిస్కు పెట్టే చోటు ఉంది. అది చూసిన నాటి నుంచి మొగులయ్యకు నిద్ర లేదు. ఆదివారం మధ్యాహ్నం, అన్నం తిన్న చెయ్యి కడుక్కుని నేరుగా వచ్చి కూతురి పక్కన స్టూలు వేసుకున్నాడు.

"రేపు పెత్రమాస బిడ్డా. పెద్దల అమాస, మీ నాయినమ్మ పేరు మీద బియ్యం ఇచ్చే రోజు. గాలోపల ఒక్కసారి ఆమె మాట ఇనాలె."

"ఇనిపిస్త గని, నువ్వు మీద పడకు నాయినా. గాలి ఆడనియ్యి."

మొదట ట్రే బయటికి రాలేదు. ముందున్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి నెట్టాలని నిషిత ఫోన్‌లో చూసి చెప్పింది. కంప్యూటర్ ఆపి, భార్య కౌసల్యమ్మ చీర పిన్నుతో నెట్టాడు మొగులయ్య. నాలుక చాపినట్టు ట్రే బయటికొచ్చింది. డిస్కు పెడితే, దీన్ని నడిపే ప్రోగ్రాం లేదంది కంప్యూటర్. నిషిత ఉచితంగా దొరికే ప్లేయర్ ఒకటి ఎక్కించింది. అప్పుడు బ్యాండు మోగింది.

మొగులయ్య స్టూలు ఇంకా ముందుకు జరిపాడు. కారు, పెళ్లికొడుకు, గడప, కాలు, కడియం.

ఆగిపోయింది.

ముందుకు జరిపినా అంతే, వెనక్కి జరిపి వచ్చినా అంతే.

"నేను చెప్పలే? వాడు ముంచిండు. భూమి మింగిండు, అమ్మను గూడ మింగిండు!"

"జెర ఆగు నాయినా. మొదలు మంచిగనే వస్తున్నది గదా. డిస్కును లోపల్నుంచి అంచు దిక్కుకు చదువుతదట. అంటే నడుమల ఏదో ఉన్నది."

నిషిత డిస్కు బయటికి తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. మెరిసే వైపు, సరిగ్గా మధ్య రంధ్రానికీ అంచుకూ నడుమ, పసుపు ఎరుపు కలిసిన జిడ్డు మరక ఉంది. చుట్టూ సన్నని గీతలు.

"తుప్పా ఏంది ఇది?"

వంటింటి గుమ్మంలో కూర్చుని రేపటికి బియ్యం ఏరుతున్న కౌసల్యమ్మ తలెత్తింది. "చూసుడైతే ఇటియ్యి బిడ్డా. రేపటికి తుడిచి బొట్టు పెట్టాలె."

తండ్రీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దేనికి పెడుతవమ్మా బొట్టు?"

"దానికే. ఏటా పెడుత గదా పెత్రమాసకు. ఫోటో లేకపాయె. అత్తమ్మ అందులనే ఉన్నదని మీ నాయిననే అంటుండె."

"మెరిసే దిక్కు ఎందుకు పెట్టినవే?" అన్నాడు మొగులయ్య.

"మల్ల ఎటు పెడుతరు? అద్దం లెక్క మొకం కనవడే దిక్కే గదా పెడుతరు. నూనెల కుంకుమ కలిపి నిలిచేటట్టు పెట్టిన. ఏటా పాతది కొంగుతోని తుడిచినంకనే పెట్టిన, ఊకెనే ఏం పెట్టలే."

నిషిత నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల వాల్చింది. మొగులయ్యకు కోపం రావాలి. వచ్చింది కూడా, గొంతు దాకా. కానీ పదిహేనేళ్లుగా, తనకు తెలియకుండా, ఏటా తన తల్లి నుదురనుకుని ఆ రేకు మీద బొట్టు పెట్టిన మనిషి మీదికి ఆ కోపం పోలేదు. కౌసల్యమ్మకు సంగతి అర్థమై చేటలో చెయ్యి ఆగిపోయింది.

"నేనే ఖరాబ్ చేసిన్నా?"

"ఏం కాలే. గోరువెచ్చని నీళ్లు తే. సబ్బు చుక్క, మెత్తటి బట్ట," అన్నాడు మొగులయ్య.

నీళ్లు రాగానే నిషిత ఫోన్ చూసి, "గుండ్రంగ రుద్దొద్దట నాయినా" అంది.

"నాకు చెప్తవా! కంపెనీల ఇన్నేండ్ల సంది గదే పని."

మధ్య నుంచి అంచుకు, నేరుగా, ఒక్కో తుడుపుకు బట్ట మడత మార్చి తుడిచాడు. గుండ్రంగా తిప్పితే మురికి తిరిగి అక్కడికే వస్తుందని కంపెనీలో మొదటి రోజే నేర్పారు. పసిపిల్ల మొహం తుడిచినంత నెమ్మదిగా తుడిచాడు. ఎరుపు పోయింది, పసుపు పలచబడింది. ఆరబెట్టి మళ్లీ లోపల పెట్టారు.

కారు, పెళ్లికొడుకు, గడప, కాలు, కడియం. బొమ్మ ఒక్కసారి గళ్లుగళ్లుగా చెదిరింది. రెండో కాలు బయటికొచ్చింది.

రాజవ్వ! ఆకుపచ్చ చీర, చేతిలో పళ్లెం, లైటు వెలుగుకు చికిలించిన కళ్లు. కౌసల్యమ్మ తెలియకుండానే తల మీద కొంగు కప్పుకుంది.

"ఇగ నరసరాజుకు ఫోన్ చెయ్యి," అంది మెల్లగా. "తప్పయిందని చెప్పు."

"డిస్కుకైతే చెప్త," అన్నాడు మొగులయ్య తెర మీంచి చూపు తిప్పకుండా. "భూమికి చెప్ప."

తెర మీద రాజవ్వ కెమెరాను కసిరింది. "నా మొకంల లైటు కొడ్తవేంది కొడుకా? నన్నేం తీస్తవు, గా జొన్నచేను తియ్యి, ఎంత మంచిగున్నదో."

అదే గొంతు. కొంచెం బొంగురు, చివరికొచ్చేసరికి నవ్వు. మొగులయ్య కళ్లు తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఆ కాసేపు తల్లి కనపడదు.

కెమెరా ఆమెను వదిలి ఇంటి వెనక్కి తిరిగింది. మాఘమాసపు ఎండలో జొన్న కంకులు తెల్లగా, వరుసలు వరుసలుగా ఊగుతున్నాయి. అడ్డంగా గోదాం లేదు. కెమెరా వెనకనుంచి పడుచు నరసరాజు గొంతు అడిగింది: "ఎంతుంటదవ్వా చేను?"

బొమ్మలో లేని రాజవ్వ, కూతురి పెళ్లినాటి గర్వమంతా గొంతులో నింపుకుని చెప్పింది:

"రెండెకరాల పదకొండు గుంటలు కొడుకా!"

"ఇంకోపారి పెట్టు బిడ్డా," అన్నాడు మొగులయ్య.

నిషిత పెట్టింది.

"రెండెకరాల పదకొండు గుంటలు."