తీగ తెగిన షబ్బాత్

తిర్సాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: తన కొడుకును జనం మరిచిపోతారని. కావాలని కాదు. మెట్లెక్కలేడు కదా అని ఒకసారి, చక్రాల బండి తోయాలి కదా అని ఒకసారి, అలా అలా మెల్లగా.

ఎవ్యతార్‌కు పదమూడేళ్ళు నిండాయి. నడవలేడు, మాట ఆగి ఆగి వస్తుంది. రేపు శనివారం, యూదుల విశ్రాంతి దినమైన షబ్బాత్ ప్రార్థనలో వాళ్ళ ధర్మగ్రంథం తోరా చదివి పెద్దవాళ్ళలో ఒకడు కావాలి. ఏడాదిగా వంటింట్లో తల్లి పక్కన కూర్చుని ఆ నాలుగు వాక్యాలూ వల్లించాడు. చిన్నప్పుడే బడి మానేసి పెళ్ళి చేసుకున్న తిర్సాకు కూడా అవి నోటికొచ్చేశాయి.

శుక్రవారం మధ్యాహ్నం గాలివానకు సఫేద్ ఊరి చుట్టూ స్తంభాల మీద కట్టిన తీగ తెగింది. ఆ తీగ లోపలున్నదంతా ఒకే ఇల్లని మత నియమం; అది ఉంటేనే షబ్బాత్ నాడు వీధిలో బండి తోయొచ్చు, బిడ్డనెత్తుకోవచ్చు, చేత్తో ఏమైనా పట్టుకెళ్ళొచ్చు. షబ్బాత్ మొదలయ్యే వేళకి, పొద్దు గూకేలోగా బాగుపడదని ఫోన్లో కబురొచ్చింది.

"వచ్చే వారం చదివిద్దాంలేవే," అన్నాడు భర్త నహ్‌షోన్.

"వచ్చే వారం వేరే భాగం చదువుతారు. వాడికొచ్చింది ఈ వారందే!"

తిర్సా గిన్నె తోమిందే తోముతూ నిలబడింది. ఇదిగో, మొదలైంది అనుకుంది.

తలుపు దబదబా మోగింది. పక్కింటి మజాల్ పిన్ని.

"ఏవే, ఏడుపు తర్వాత, ముందు సోఫా జరుపు! రబ్బీ వస్తున్నాడు."

ఆమె వెనకే ప్రార్థన మందిరం గురువు రబ్బీ పిన్హాస్ రొప్పుతూ వచ్చాడు, గుండెకు హత్తుకున్న తోరాతో. ఇంకొకాయన చేతిలో మిఠాయిల సంచి.

తిర్సా కంగారుపడింది. "రబ్బీగారూ, మనిషే తోరా దగ్గరికి వెళ్ళాలి గానీ తోరా మనిషి దగ్గరికి రాకూడదని మా నాన్న అనేవాడు."

"మీ నాన్న సరిగ్గానే చెప్పాడమ్మా. చుట్టపుచూపుగా రాదు, కాపురానికైతే వస్తుంది. మూడుసార్లు చదివితే ఇది దాని ఇల్లే. రేపు పొద్దున, రేపు సాయంత్రం, మళ్ళీ సోమవారం. దీన్ని ఉంచడానికి బీరువా ఖాళీ ఉందా?"

"లేకపోతే చేస్తాం!" అంది మజాల్, అప్పటికే దుప్పట్లు చంకనెత్తుకుని. "పొద్దు గూకకముందే ఇవి మా ఇంట్లో పడేసొస్తా."

మర్నాడు పొద్దున గాలికెదురుగా, ఉత్త చేతులతో, ప్రార్థనకు అందరూ ఎత్తు ఎక్కి తిర్సా ఇంటికే వచ్చారు. ముందుగదిలో మగవాళ్ళు, అడ్డంగా కట్టిన దుప్పటి వెనక ఆడవాళ్ళు. ఎవ్యతార్ మొదలుపెట్టాడు. రెండో వాక్యంలో ఒక మాట దగ్గర ఆగిపోయాడు. ఎవరు తడబడినా గట్టిగా సరిదిద్దడం అక్కడ అలవాటు. అందరికన్నా ముందు అరిచే ముసలి జెకర్యా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఒక్కరూ అందించలేదు. ఒక్కరూ దగ్గలేదు. ఆ మాట వాడి నోటినుంచే వచ్చింది, ఆలస్యంగా, పూర్తిగా.

ఆనవాయితీ ప్రకారం చదివినవాడి మీద మిఠాయిలు వానలా కురిశాయి.

"మెల్లగా! తలకాయ పగులుద్ది!" అన్నాడు వాడు. గది ఘొల్లుమంది.

నవ్వులు సద్దుమణిగాక అడిగాడు: "అమ్మా, ఓదేల్యా అక్క ఏది? అందరికన్నా గట్టిగా విసురుతానంది."

సందు చివరింటి ఓదేల్యా. నెల నిండని కవల పిల్లలు, భర్త ఓడ మీద పనికెళ్ళాడు. తీగ లేనిదే పిల్లల్నెత్తుకుని గడప దాటలేదు. అంత జనంలో ఆమె లేదని ఎవరూ చూడలేదు. తిర్సా కూడా చూడలేదు.

లేచి తలగుడ్డ సర్దుకుంది.

"కుబానే రొట్టె ఒక ముక్క పట్టుకెళ్ళవే," అని మజాల్ వెంటనే నాలిక్కరుచుకుంది. "అయ్యో, తీగ!"

"ఉత్త చేతులే నయం పిన్నీ. అక్కడ ఎత్తుకోవడానికి ఇద్దరున్నారు."

తిర్సా ఆ రోజు వెళ్ళింది. ప్రతిసారీ ఆమెకు కుదరకపోవచ్చు. మీరెప్పుడైనా ఆ సందులోకి వెళ్తే, చివరింటి తలుపు తట్టి ఓదేల్యా ఎలా ఉందో ఓసారి చూసి రండి. చేతిలో ఏమీ లేకపోయినా ఫరవాలేదు.