ఎడమ చెంపకు జీతం

ఆ రోజు అప్పటికి నాలుగోసారి సగమక్క చెంపల మీద దీపం పడింది. మధ్యాహ్నం రెండు దాటింది, ఇంకా అన్నం తినలేదు. కుడి చెంప పొద్దుటి నుంచీ చురచురా మండుతోంది. గోక్కుందామా అంటే వీల్లేదు. గోక్కుంటే పైన పూసిన ముద్ద ఊడుతుంది, ఊడితే కిందున్నది బయటపడుతుంది.

"కాస్త ముందుకు వంగు," అంది మేడం.

సగమక్క వంగింది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని, బజార్లో కూరగాయలు ఏరుకునేటప్పుడు పుచ్చులు వెతికినట్టు, ఎడమ చెంపను ఓసారి, కుడి చెంపను ఓసారి పరకాయించి చూసింది.

"అమ్మో! ఎంత తేడా!"

ఆ మాట మేడంతో అంది. ఆ రెండు చెంపలూ ఒకే మనిషివనీ, ఆ మనిషి అక్కడే కూర్చుని అంతా వింటోందనీ ఆవిడకు తట్టినట్టే లేదు. తట్టకపోవడం కొత్తేం కాదులెండి. రెండేళ్లుగా రోజుకు పది మంది సగమక్క మొహంలోకి జానెడు దూరం నుంచి చూస్తున్నారు. ఆమె కళ్లు ఏ రంగో చెప్పమంటే ఒక్కరూ చెప్పలేరు.

మందుల షాపు మేడ మీద ఉంది ఆ చర్మ సౌందర్య కేంద్రం. సగమక్క అక్కడ చేరింది ఊడ్చి తుడవడానికి. చేరిన నెలలోనే, దాన్ని నడిపే మేడం కన్ను ఆమె మొహం మీద పడింది. ముక్కుకు అటూ ఇటూ, చెంపల మీద, సూదితో పొడిచినట్టు పెద్ద పెద్ద రంధ్రాలు. అమ్మకూ అంతే, అమ్మమ్మకూ అంతే. అందుకు సగమక్క ఎప్పుడూ ఏడవలేదు. మేడం మాత్రం బంగారం దొరికినంత సంబరపడింది. చీపురు పక్కన పెట్టించి, వచ్చేవాళ్లకు నమూనాగా చూపించడానికి అద్దం ముందున్న కుర్చీలో కూర్చోబెట్టింది. ఊడిస్తే నెలకు ఆరు వేలు, కూర్చుంటే తొమ్మిది వేలు.

కూర్చోవడమంటే ఊరికే కూర్చోవడం కాదు. కుడి చెంపకు ప్రతి సోమవారం ఆవిరి పట్టి, రంధ్రాల్లోని మురికి పీల్చే మిషన్ పెడతారు. ఎడమ చెంపను మాత్రం వదిలేస్తారు. ఊరికే వదిలేయడమూ కాదు, దాన్ని బాగుపడనివ్వకూడదు. దానికి సబ్బు పెట్టకూడదు, క్రీము పూయకూడదు, ఎండలో గొడుగు పట్టకూడదు. పొద్దున్నే మేడం వేలితో తడిమి మరీ చూస్తుంది. కాస్త నున్నగా తగిలితే చాలు, "ఏం పూశావు నిజం చెప్పు," అని నిలదీస్తుంది. ఆ మూడు వేల తేడా ఎడమ చెంపకు ఇచ్చే జీతమన్నమాట. పనివాళ్లంతా కలిసి పెట్టిన పేరే సగమక్క. మొదట్లో తనూ నవ్వింది. తర్వాత్తర్వాత సొంత పేరుతో పిలిచేవాళ్లే లేకపోయారు.

ఇక దీపం సంగతి. అది గుండ్రంగా, మెడ వంచితే ఎటంటే అటు తిరిగే దీపం. ఎడమ చెంపకు పక్క నుంచి వేస్తారు. అలా వేస్తే ప్రతి రంధ్రానికీ నీడ పడి, గోడకు మేకులు పీకిన గుంటల్లా కనిపిస్తాయి. కుడి చెంపకు తిన్నగా ఎదురు నుంచి వేస్తారు. నీడ ఉండదు, గుంట ఉండదు. మొదటి నాలుగు నెలల తర్వాత ఆ దీపం ఒక్కటే చాల్లేదు. వారం వారం పీల్చీ పీల్చీ కుడి చెంప కందిపోయింది. సన్నటి ఎర్రటి నరాలు తేలాయి. అప్పట్నుంచి పైన ముద్ద పూసి పౌడరు అద్దడం మొదలైంది. ఆ అద్దే పని మేడం స్వయంగా చేస్తుంది. చల్లటి వేళ్లు, మెత్తగా. చెప్పడానికి సిగ్గుచేటు గానీ, రోజంతటిలో ఇంకో మనిషి చెయ్యి సగమక్కను తాకేది ఆ కాస్సేపే.

మొగుడు పోయి తొమ్మిదేళ్లయింది. పిల్లల్లేరు. ఒక్కగానొక్క అక్క పక్క వీధిలోనే ఉంటుంది. పోయినసారి ఇంటిల్లిపాదీ ఫొటో దిగుతుంటే, "నువ్వు కాస్త ఆ చివరికెళ్లి ఇటు తిరగవే, రెండు మొహాల్లా వస్తున్నావు," అంది. అందరూ పకపకా నవ్వారు. ఫొటోలో సగమక్క కుడి చెంప ఒక్కటే పడింది, ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు. సాయంత్రం గది తాళం తీసి, "వచ్చానోయ్," అని పైకే అంటుంది. ఎవరితో అంటుందో ఆమెకే తెలీదు.

కిందటి నెల మంట తట్టుకోలేక, మేడానికి తెలియకుండా ధర్మాసుపత్రికి వెళ్లింది. చర్మం డాక్టరమ్మ ముద్ద తుడిపించి చూసి, "ఎవరమ్మా ఇంత దారుణంగా పీల్చింది?" అని కోప్పడింది.

"రంధ్రాలు మూసుకుంటాయని..."

"అవేమైనా తలుపులా, ఆవిరి పడితే తెరుచుకోడానికి, ఐసు పెడితే మూసుకోడానికి? ఒంట్లో నూనె పైకొచ్చే దారులవి. కొందరికి పుట్టుకతోనే పెద్దవి. నూనె ఎక్కువున్నా, మొటిమలు గిల్లినా, ఎండకు, వయసుకు చర్మం పట్టు తప్పినా ఇంకా పెద్దగా కనిపిస్తాయి. పూర్తిగా పోయేవి కావు. తగ్గించుకోవచ్చు, అంతే."

మిషన్లు కూడా కొన్ని కొందరికి కొంత మేలు చేస్తాయి గానీ, చర్మం చూసి, తెలిసినవాళ్లు చేయాలంది. ఈ పీల్చుడు మాత్రం ఇంక ఆపమంది. కుడి చెంప మంట తగ్గాక రెండు వైపులా పూసుకోమని చిన్న గొట్టం మందు రాసిచ్చింది. రెండు వైపులా! ఆ మాట వింటే సగమక్కకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మందు తెచ్చుకుంది, మూత తీయలేదు. ఆపమన్న మిషన్‌ను ఆపమని అనడానికీ నోరు రాలేదు.

పెద్దావిడ ఆలోచించి చెబుతానని లేచి వెళ్లింది. ఆవిడ కుర్చీ చల్లారకముందే బేకరీలో పనిచేసే ఒకమ్మాయి వచ్చి కూర్చుంది. ఇరవై రెండేళ్లుంటాయి. మెడలో ఇంకా పని చున్నీయే ఉంది, దాని అంచుకు పిండి అంటుకుంది. మొహం మాత్రం రుద్దీ రుద్దీ ఎర్రబడింది. ఆరు సిట్టింగులకు పద్దెనిమిది వేలని మేడం చెప్పగానే సంచిలోంచి డబ్బుల కవరు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నాలుగేళ్లు పొయ్యి దగ్గర చేశానండి," అంది మేడంతో. "రెండు నెలల కిందటే కౌంటర్లోకి మార్చారు. ఇప్పుడేమో మా ఓనరు, నీ మొహం చూస్తే ఎవరికీ కేకులు కొనబుద్ధి కావట్లేదంటూ మళ్లీ వెనక్కి పొమ్మంటున్నాడు. పది రోజులు గడువిచ్చాడు."

"పది రోజులు చాలు," అంది మేడం. "ఈమె మొహం చూడు, నీకే తెలుస్తుంది."

దీపం పక్క నుంచి పడింది. తర్వాత ఎదురుగా పడింది. బేకరీ అమ్మాయి నోరు తెరిచి చూసింది. సగమక్క అలవాటు చొప్పున నవ్వింది. ఇంతలో ఫోను మోగితే మేడం, "రసీదు పుస్తకం తెస్తా, ఉండు," అంటూ లోపలికెళ్లింది.

బేకరీ అమ్మాయి కుర్చీ ముందుకు జరుపుకుంది. చెంపల మీంచి చూపు పైకి తీసి, సగమక్క కళ్లల్లోకి చూసింది.

"నొప్పి పెడుతుందా అక్కా?"

రెండేళ్లలో ఆ కుర్చీలో కూర్చున్న ఏ మనిషీ సగమక్కను ఏమీ అడగలేదు. జవాబైతే కంఠతా వచ్చు, చీమ కుట్టినట్టు కూడా ఉండదండీ అని. నోరు తెరిచింది. ఆ ముక్క అనకుండా చెయ్యి కుడి చెంప మీదికి పోయింది.

"ఏంటక్కా, అంత నొప్పా? పరవాలేదులే, ఓర్చుకుంటా. ఇంట్లో రోజూ పీచుతో రుద్దుతున్నా, నిమ్మరసం పూస్తున్నా, మంటకు అలవాటు పడిపోయా."

"పీచుతోనా!" అంది సగమక్క. "నీకేమైనా పిచ్చా పిల్లా? మొహమా అది, అంట్లగిన్నెనా?"

బల్ల మీద తడి దూది ఉంది. సగమక్క దాన్ని తీసుకుని కుడి చెంపను పై నుంచి కిందికి తుడిచింది. ముద్దంతా దూదికి వచ్చేసింది. దీపం మెడ పట్టుకుని పక్కకు తిప్పింది. అంతవరకూ ఎదురు వెలుగులో నున్నగా మెరిసిన చెంప మీద గుంటలన్నీ లేచాయి, వాటి మధ్య ఎర్రటి నరాలు, అక్కడక్కడా చెక్కు కట్టిన మచ్చలు.

"ఇదిగో, వంద సార్లు పీల్చిన చెంప ఇది. ముట్టుకుని చూడు. ఆ ఎడమదే నయం."

అమ్మాయి ముట్టుకోలేదు. చెయ్యి వెనక్కి లాక్కుంది.

సగమక్క గబగబా, ఎవరో తరుముతున్నట్టు, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పేసింది. పీచు మానెయ్. రోజుకు రెండుసార్లు మెత్తగా కడుక్కో, గిల్లకు. బయటికెళ్తే ఎండ తగలకుండా క్రీము పూసుకో. ధర్మాసుపత్రిలో చూపించుకుంటే నీ చర్మానికి సరిపడే మందు వాళ్లే రాస్తారు. మూడు నెలలు పడుతుంది, తగ్గుతాయి, కొంచెం.

"మూడు నెలలా?" అంది అమ్మాయి. "నాకు పది రోజులే ఉన్నాయక్కా."

మేడం రసీదు పుస్తకంతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో. అమ్మాయి కవరు సంచిలో కుక్కుకుని, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగిపోయింది. సగమక్క వెంటపడింది. సగం మెట్ల దగ్గర అందుకుంది. అమ్మాయి ఏడుస్తోంది.

"మంచే చెప్పాను కదమ్మా," అంది సగమక్క.

"ఏం మంచి? ఇందాకటి దాకా నవ్వుతూ కూర్చున్నావుగా! ఎంతమంది డబ్బులు కట్టారో నీ నవ్వు చూసి!" చున్నీతో ముక్కు తుడుచుకుంది. "పోనీ ఇప్పుడు నన్నేం చెయ్యమంటావో అది చెప్పు."

"నీ మొహంలో తప్పేం లేదు. కౌంటర్లోనే నిలబడతానని చెప్పు. వెనక్కి పొమ్మంటే పోనని చెప్పు."

అమ్మాయి ఆమెను ఎగాదిగా చూసింది.

"నువ్వెప్పుడైనా చెప్పావా, అక్కా?"

అమ్మాయి మిగతా మెట్లు దిగి, రోడ్డు మీద జనంలో కలిసిపోయింది. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూస్తుందేమోనని సగమక్క ఆశపడింది. చూడలేదు. కింద బస్సులు పోతున్నాయి, బండ్లు పోతున్నాయి, ఇంత మందిలో తనకంటూ ఒక్కరూ లేరన్నది ఎప్పుడూ లేనంత గట్టిగా తగిలింది ఆమెకు. అన్నం డబ్బా కూడా తీసుకోకుండా ఇట్నుంచిటే గదికి పోదామనిపించింది. పోతే అక్కడ ఎవరున్నారు గనుక? మెల్లగా మెట్లెక్కింది.

కేకలేస్తుందనుకున్న మేడం కేకలేయలేదు. ఇలాంటి చెంప మళ్లీ వెతికినా దొరకదని మేడానికి తెలుసు. కుర్చీ చూపించింది. రెండు వేళ్ల మీద ముద్ద తీసుకుని ఎదురుగా నిలబడింది.

"పోనీలే, ఆకలి మీద ఏదో వాగావు," అంది, ఎన్నడూ లేనంత ముద్దుగా. "మూడింటికి ఇద్దరొస్తున్నారు. రా, నేను పూస్తా."

చల్లటి వేళ్లు దగ్గరికొచ్చాయి. సగమక్క కళ్లు అలవాటుగా మూతలు పడబోయాయి. అంతలోనే మెడ వెనక్కి తీసింది.

"వద్దు మేడం."

"ఏంటి వద్దు?"

ఆ తర్వాత ఏం చెప్పాలో ఆమె ఆలోచించుకోలేదు.

"ముద్ద వద్దు. సోమవారం మిషనూ వద్దు. ఎడమ చెంపను ఎండబెట్టడమూ నా వల్ల కాదు."

"అయితే చీపురు పట్టుకో! ఆరు వేలు!"

"పట్టుకుంటా. ఊడ్చేటప్పుడు ఎవరైనా అడిగితే ఉన్నది చెప్తా."

మేడం పళ్లు కొరికింది. ఏదో అనబోయింది గానీ, అప్పటికే అద్దాల తలుపు తోసుకుని ఇద్దరు ఆడవాళ్లు లోపలికొచ్చారు. తల్లీ కూతుళ్లలా ఉన్నారు. ముద్ద అంటిన వేళ్లు గాల్లోనే పెట్టుకుని మేడం నవ్వబోయింది, నవ్వు సరిగా రాలేదు. ఆ ఇద్దరూ తుడిచేసిన చెంప వైపు, తుడవని చెంప వైపు చూశారు. ఏది ముందరిదో ఏది తర్వాతదో వాళ్లకు అంతుపట్టలేదు.

"నమూనా చూపిస్తారన్నారు, ఈవిడేనాండీ?" అని అడిగింది తల్లి.

మేడం వేళ్లకంటిన ముద్దను దూదితో తుడుచుకోసాగింది.

"నేనే," అంది సగమక్క, వాళ్లకు కుర్చీలు లాగుతూ. "కూర్చోండమ్మా."