పటం అంచు దాటి

గచ్చు మీద గవ్వల చప్పుడు. గలగల... మళ్లీ గలగల.

ముక్కోటి ఏకాదశి. ఉపవాసం. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి వచ్చి వైకుంఠపాళి పటం మీద పడింది. పాములు, నిచ్చెనలు. అన్నిటికీ పైన, చిట్టచివరి గడిలో, పరమపదం.

దేవనాథన్ గోడకు దిండు ఆనించుకుని కూర్చున్నాడు. ఆటలో ఆయన కాయ చింతపిక్క. భార్య పద్మాక్షిది పసుపుకొమ్ము ముక్క. ఆయన్ను ఇక ఇంటికి తీసుకుపొమ్మని పెద్దాసుపత్రిలో చెప్పేశారు. ఆమెకు తెలుసు. ఆయనకూ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తరు. గవ్వలు వేస్తారు.

చింతపిక్క పరమపదం పక్క గడికి చేరింది.

ఒక్క గవ్వ వెల్లకిలా పడితే చాలు.

పద్మాక్షి పటం అంచు పట్టుకుంది. ఆపేద్దామంటే వీల్లేదు. ఆ ఇంటి ఆచారం — ఏకాదశినాడు మొదలుపెట్టిన ఆట పరమపదం చేరకుండా పటం మడవకూడదు. మడిస్తే కీడని అత్తగారు మరీ మరీ చెప్పి పోయింది. ఆడితే ఆయన చేరిపోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆయన వేశాడు. ఒకటి.

ఆమె చింతపిక్కను తీసింది. పైకి పెట్టలేదు. పక్కకు జరిపింది — అంచు దాటించి, ఉత్త గచ్చు మీదికి.

"ఈడ గడుల్లేవే," అన్నాడాయన.

"లేకపోతే ఏమి? ఇది పూతలపట్టు అనుకోండి. దార్లు చీలతాయి. యాడికి పోతారు?"

ఆయన గచ్చును చూశాడు. తర్వాత నవ్వాడు. వయసంతా కోవెల వంటశాలలో, పొంగలి గంగాళాల ముందు గడిపిన మనిషి. చింతపిక్కను గచ్చు మీద జరుపుతూ ఐరాల దారి పట్టాడు. అది ఆమె పుట్టిల్లు. చెరుకు తోటలో దిగాడు. బెల్లం వండేవాళ్లతో పాకం కుదరలేదని తగువు పెట్టుకున్నాడు. పేరడిగితే దొరస్వామినని బొంకాడు. గచ్చులో బీట ఏరయింది. దాటాలా... గట్టునే పోవాలా? చెప్పేవాళ్లు లేరు. పాము లేదు. నిచ్చెన లేదు. గెలిచేది అసలే లేదు. ఎంత హాయి!

ద్వాదశి పారణ అయింది. పటం మడవలేదు. ఆ గది ఊడ్వవద్దని పనిమనిషి నాగులమ్మకు చెప్పింది పద్మాక్షి. రోజూ కొత్త దారి. ఒకనాడు దొంగల్ని తప్పించుకున్నాడు. ఒకనాడు ముక్కూ మొహం తెలియని పెళ్లివారికి వండి పెట్టాడు. ఆడినంతసేపూ ఆయన ఆయాసం మరిచేవాడు.

ఆమె మరవలేదు.

ఊళ్లు అయిపోతున్నాయి.

ఆమె చూసినవి ఎన్ని గనక? పక్కింటావిడను అడిగింది. బస్టాండుకు పోయి బస్సుల మీది పేర్లు చదువుకుని వచ్చింది. చాలలేదు. తడ దాకా నడిపించింది. ఉప్పుగాలి, చేపల వాసన... ఆ అవతల అరవదేశం. అక్కడ ఏముందో ఆమెకు తెలియదు.

ఒక సాయంత్రం ఆయన గవ్వలు పుచ్చుకోలేదు.

"అలిసిపోయినాను పద్మాక్షీ. నన్ను పటం మీద పెట్టు."

ఆమె పెట్టలేదు.

"ఇంకొక్క ఊరుండాది," అంది. "బాగుంటాది. చూసి పోదురుగాని."

ఏ ఊరని ఆయన అడగలేదు. ఆమె దగ్గర పేరు లేదని ఆయనకు తెలుసు. ఆమె కోసమే మెల్లగా చెయ్యి చాపాడు.

ఆమె గవ్వలు ఇవ్వలేదు. తన గుప్పిట్లోనే ఆడిస్తూ కూర్చుంది. గలగల... గలగల...

కింద వేయకుండా.