పుట్టకముందే నడిచిన పిల్లలు

పొద్దున్నే గొర్రెలకు నీళ్ళు వదిలి, ఇంత టీ తాగి, ఉన్ని కత్తిరించే షెడ్డు ముందున్న ఎర్రమట్టిని నోలీన్ తడి గోనెపట్టాతో ఈడ్చి చదును చేసింది. ఆవేళ గార్త్ తన మగకుక్కను తెస్తానన్నాడు. ఆ చుట్టుపక్కల కుక్కలకు జత కుదర్చాలంటే ముందు రెండిటినీ మట్టిలో పక్కపక్కన నిలబెడతారు. వాటికి పుట్టబోయే పిల్లల అడుగులు వాటంతటవే పడతాయి. వాన పడిందా అని అడిగినంత మామూలుగా "మట్టి చూశారా?" అని అడుగుతారు. కాకపోతే అందరూ ఎన్ని పిల్లలో లెక్కపెట్టుకుని, మురిసిపోయి, టీకి లోపలికి వెళ్ళిపోతారు. అక్కడే పొరపాటు. "అడుగు పడటం కాదే, నడక చూడాలి," అనేది నోలీన్ వాళ్ళమ్మ. అందుకే నోలీన్ స్టూలు వేసుకుని మరీ కూర్చుంటుంది.

ఆమె ఆడకుక్క పెగ్ కంటిచూపుతోనే మందను మళ్ళించేది. అమ్మమ్మ కాలం నుంచి వస్తున్న వంశం మరి. మొదటి కాన్పులో అన్నీ మగవే పుట్టి, తలో ఊరికీ పోయాయి. ఇప్పుడు దానికి వయసు మీద పడుతోంది. ఈ ఒక్క కాన్పు తర్వాత ఇక కననివ్వకూడదని నోలీన్ గట్టిగా అనుకుంది. ఈసారి ఆరోగ్యంగా ఒక్క ఆడపిల్లయినా పుట్టకపోతే ఆ వంశం పెగ్‌తో సరి.

వరండాలో తమ్ముడు డెస్ కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. గాలిమర మీంచి పడ్డప్పటి నుంచి అతను మెట్లు దిగలేదు. కర్ర పట్టుకుంటే నడుస్తావని డాక్టరు చెప్పాడు. ఆ కర్ర టోపీల మేకుకు వేలాడుతోంది. "నడిచి ఎక్కడికెళ్ళాలక్కా? నా కుక్కా పోయింది, నా పనీ పోయింది," అంటాడు.

గార్త్ కుక్క బారన్ పోటీల్లో కప్పులు కొట్టింది. నిగనిగలాడుతూ పెగ్ పక్కన నిలబడగానే మట్టినిండా బుల్లి అడుగులు పడ్డాయి.

"ఏడు పిల్లలు! ఏమ్మా నోలీన్, చాలా? మగకుక్క నాది గనక మొదట ఏరుకునేది నేనే సుమా," అన్నాడు గార్త్.

"ఆగవయ్యా. నడవనీ."

అడుగులు కదిలాయి. అయిదు జతలు బాగానే సాగాయి. రెండు మాత్రం తప్పతాగినవాడి నడకలా అటూ ఇటూ తూలి, ఒకదాన్నొకటి తొక్కుకుని, ఆగిపోయాయి.

"గాలి," అన్నాడు గార్త్.

"గాలికి ఆ రెండే దొరికాయా?"

పశువుల డాక్టరమ్మ రెండు కుక్కల రక్తమూ పరీక్షకు పంపింది. ఒకే జబ్బు రెండిట్లోనూ దాగి ఉందని తేలింది. ఒక్కదాంట్లో ఉంటే ఏమీ కాదు. రెండూ కలిస్తే పుట్టిన పిల్లల్లో కొన్ని కాళ్ళ మీద నిలబడలేవు. నోలీన్ వద్దని చెప్పేసింది. గార్త్ మొహం మాడ్చుకుని కుక్కను బండెక్కించుకున్నాడు.

"ఊరంతా ఎగబడే కుక్కను గేటు దాటించావు. ఇంకెవర్ని తెస్తావు?" అన్నాడు డెస్.

"పైన పటారం, లోన లొటారం నాకెందుకురా?" అంది నోలీన్. అంది గానీ, రాత్రి అన్నీ మూసుకుపోయినట్టనిపించి ఏడ్చింది కూడా.

వారం తిరిగాక నోలీన్ పక్క ఊళ్ళో ఉండే ఎల్సా గారి మగకుక్క స్పడ్‌ను తెచ్చింది. ఒక చెవి నిలబడదు, పేరుకేమో బంగాళాదుంప అని అర్థం, అది చెబితేనే జనం నవ్వుతారు. కానీ రక్తం, కళ్ళు, తుంటి ఎముకలు అన్నీ పరీక్షలో శుభ్రంగా ఉన్నాయి. మట్టిలో నాలుగు జతలే పడ్డాయి. పడ్డవి మాత్రం తొణక్కుండా, ముక్కుసూటిగా, గేటు కిందుగా అవతలి బీడులోకి వెళ్ళిపోయాయి.

వాటి వెనకే ఇంకో వరుస. మనిషి బూటు. కుడికాలు పూర్తిగా పడింది, ఎడమకాలు ఈడ్చుకుపోయింది. పక్కన చిన్న గుంట, కర్ర మొన దిగినట్టు.

"ఎవడో కుంటివాడు," అన్నాడు డెస్ కుర్చీలోంచి మెడ సాచి.

"మడమ దగ్గర అతుకు చూడు. ఎవడి బూటురా అది?"

డెస్ వంగి తన బూటు మడమ చూసుకున్నాడు. నోలీన్ ఆ మట్టిని ఊడవలేదు. పెగ్ కడుపుతో ఉన్నన్నాళ్ళూ గాలి వీచింది, గొర్రెలు తొక్కాయి, ఒక వానా పడింది. అడుగులు అలాగే ఉన్నాయి. డెస్ రోజూ వాటినే చూస్తూ కూర్చున్నాడు.

పెగ్ ఈనింది. నాలుగు పిల్లలు, రెండు ఆడవి, అన్నీ గట్టివే. ఒకదానికి తండ్రి చెవే వచ్చింది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, ఆ పిల్లల్ని చూసి డాక్టరమ్మే ముచ్చటపడింది. ఆ సంగతి నోలీన్ ఎదురుపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పింది, గార్త్‌కి రెండుసార్లు చెప్పింది.

పిల్లలు తల్లిని వదిలేంత పెద్దవయ్యాక, తన వంతు పిల్లను ఏరుకోవడానికి ఎల్సా గారు వచ్చారు. నోలీన్ నాలుగింటినీ మట్టిలోకి వదిలింది. అవి ఎక్కడా తడబడకుండా, ముందే పడి ఉన్న అడుగుల్లోనే కాళ్ళు పెట్టుకుంటూ గేటు వైపు నడిచాయి. చెవి వాలిన ఆడపిల్ల మాత్రం సగం దారిలో ఆగి వరండా వైపు తిరిగి చూసింది.

"ఆ ఆగినదాన్ని నేను తీసుకోను," అన్నారు ఎల్సా గారు. "అది ఎవరికోసమో చూస్తోంది."

నోలీన్ వెనక్కి తిరిగింది. మేకుకు టోపీలే ఉన్నాయి. డెస్ ఆఖరి మెట్టు దిగి, కుడి బూటును కుడి గుర్తులో పెట్టాడు. ఎడమకాలిని దాని గాడిలో ఈడ్చాడు. నోలీన్ సాయానికి వెళ్ళలేదు. అక్కడే నిలబడి చూసింది.

అతను చెమటలు కక్కుతూ పిల్ల దగ్గరికి చేరాడు. అది అతని ముందు నడిచింది.

"గేటు తియ్యక్కా," అన్నాడు డెస్. "గొర్రెలు అవతలున్నాయి."