ముసుగు కింద భూమేశ్

రాయికల్ పక్కనున్న ఆ ఊళ్లో పొద్దుటి బస్సు ఎప్పుడూ ఆలస్యమే. తప్పు డ్రైవరుది కాదు, భూమేశ్‌ది. బస్సు కదలబోయే వేళకు చౌరస్తాలోని అతని విగ్రహం ముసుగు కింద నుంచి గట్టిగా ఒక్క తుమ్ము తుమ్ముతుంది. ఒంటి తుమ్ము మీద ఎవరు బయలుదేరతారు? డ్రైవరు ఇంజను ఆపి, దిగి, నాలుగు గుక్కలు నీళ్లు తాగి మళ్లీ ఎక్కుతాడు. జగిత్యాల బట్టల దుకాణంలో పనిచేసే భూమేశ్ చెల్లెలు శ్రీజ కిటికీ పక్కన కూర్చుని పళ్లు నూరుతుంది. బతికున్నప్పుడూ అన్నకు దుమ్ము పడేది కాదు. సిరిసిల్ల గుడ్డ చుట్టి నడిరోడ్డు మీద వదిలేస్తే తుమ్మక ఏం చేస్తాడు?

సరిహద్దులో చనిపోయిన భూమేశ్‌కు ఊరంతా కలిసి విగ్రహం పెట్టించింది. అంతవరకు బాగానే ఉంది. ముసుగు తీయడానికి పెద్ద నాయకుడే రావాలని పట్టుబట్టిందీ ఆ ఊరే. ఆయన వస్తానన్నప్పుడల్లా ఏదో అడ్డం. రెండు వానాకాలాలు పోయాయి, గుడ్డ రంగు వెలిసింది, ఆయన మాత్రం రాలేదు.

శ్రీజకు అంతకన్నా పెద్ద చిక్కు తల్లి ముత్యం. కోరుట్ల సంబంధం కుదిరింది, శ్యాంసుందర్ శ్రీజకు నచ్చాడు. ముహూర్తం పెడదామంటే భూమేశ్‌ను రానిమ్మంటుంది ముత్యం. మిలిటరీవాళ్లు శవపెట్టె తెచ్చారు గానీ దాన్ని తెరవనివ్వలేదు. ముఖం చూడని చావును ఆమె నమ్మలేదు. విగ్రహం తుమ్మినప్పుడల్లా నూరేళ్లు బతకమని దీవిస్తుంది. శ్రీజకు ఒళ్లు మండుతుంది, వెంటనే ఏడుపూ వస్తుంది. కోరుట్లవాళ్లు దసరా దాకే చూస్తామని తేల్చేశారు.

చివరికి ఒక మధ్యాహ్నం నాయకుడు వచ్చాడు. మైకులు, దండలు, శాలువాలు. గంటసేపు తన గురించే మాట్లాడి ముసుగు తాడు పట్టుకున్నాడు. తుమ్ము. కూర్చుని నీళ్లు తాగి లేచాడు. మళ్లీ తుమ్ము. ఆ తర్వాతా అంతే. మంచి రోజు చూసుకుని వస్తానని కారెక్కాడు. సాగనంపడానికి జనమంతా కారు వెనకే పరుగెత్తారు.

శ్రీజకు ఓపిక నశించింది. తల్లిని చెయ్యి పట్టుకుని గద్దె మీదికి ఎక్కించింది.

"అప్పుడు పెట్టె తెరవనియ్యలే. ఇప్పుడు గుడ్డ గూడ తియ్యకపాయె. నువ్వే గుంజమ్మా."

ముత్యం గుంజింది. చెక్కినవాడు భూమేశ్‌కు ఎన్నడూ లేని కోరమీసాలు పెట్టాడు.

"గీయన ఎవలే?" అంది ముత్యం.

అంతలో విగ్రహానికి తుమ్ము వచ్చింది. ఎడమ కన్ను మూసుకుని, ముక్కు ముడిచి, నోరు తెరిచి తుమ్మింది. అచ్చం భూమేశే. ముత్యం కొంగుతో ఆ ముక్కు తుడిచింది. చేతికి చల్లటి రాయి తగిలింది. దీవించబోయిన నోరు ఆగిపోయింది. పెట్టె వచ్చిన నాడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. రాతి కాళ్లు పట్టుకుని, పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది.

చాలాసేపటికి ముఖం తుడుచుకుని కూతురి వైపు తిరిగింది.

"కోరుట్లోళ్లకు ఫోన్ చెయ్యి బిడ్డా. మీ అన్న ఇగ రాడు. లగ్గంల అన్న చేసే పనులు మీ మామ చేస్తడు."