రాయి వెయ్యని చేతులు

ఎనభై తొమ్మిది ఎండాకాలం. ఫిలింనగర్ వెనక గుట్టల్లో పల్లె సెట్ వేశారు. గుడిసెలు, బురుజు, దొర గడీ, అన్నీ అట్టవే. తెలంగాణ సాయుధ పోరాటం మీద సినిమా అన్నారు. యూసుఫ్‌గూడ, బోరబండల నుంచి జూనియర్ ఆర్టిస్టులందర్నీ వ్యానుల్లో తోలుకొచ్చాడు ఏజెంటు ఆదినారాయణ. మాకు రైతుల వేషాలిచ్చారు.

గడీ ముందు జేవియర్‌ని పడుకోబెట్టారు. మాతోటి ఆర్టిస్టే. చచ్చిన దళం మనిషి వేషం. చొక్కా మీద ఎర్ర రంగు పోశారు. అసిస్టెంట్ డైరెక్టర్ మైకులో సీను చెప్పాడు. వీడు ఊరిని పీడించిన దుర్మార్గుడట. పోలీసులు కాల్చేశారట. పీడ విరగడైందని ఊరంతా శవం మీద రాళ్లు వెయ్యాలట. బుట్టల్లో థర్మోకోల్ రాళ్లు పంచారు.

యాక్షన్ అనగానే కొందరు విసిరారు. బుచ్చమ్మ విసరలేదు. సూర్యాపేట దిక్కు నుంచి వచ్చి బోరబండలో గుడిసె వేసుకున్న ముసలమ్మ ఆమె. షూటింగులో మా అందర్నీ నవ్వించే మనిషి. ఆ రోజు జనాన్ని తోసుకుపోయి, జేవియర్ తల ఒళ్లో పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. అది వేషానికి ఏడ్చే ఏడుపు కాదని కెమెరా దగ్గరున్న వాళ్లకీ తెలిసిపోయింది. జేవియర్ కళ్లు తెరిచి ఆమెను చూసి, మళ్లీ మూసుకున్నాడు. కదల్లేదు.

ఆదినారాయణ వచ్చి రెక్క పట్టి లాగాడు. ఆమె లేవలేదు. గుడివాడ వైపు నుంచి వచ్చిన అంతోనమ్మ పక్కన కూర్చుని, ఏమైందని మెల్లగా అడిగింది.

"మా వీరయ్యను గిట్లనే పండబెట్టిండ్రు బిడ్డా, మిలట్రీ క్యాంపు కాడ. ఊరందర్ని నిలబెట్టి వీడెవడని అడిగిండ్రు. నా సంకల పిల్ల ఉండె. నా పెనిమిటంటే పిల్లను గూడ బతకనియ్యరని, నాకు తెల్వదన్న. ఏడ్వలే. ఏడిస్తే దొరికిపోత కద."

ఆ పిల్లా ఆ ఏడే జ్వరంతో పోయిందట. మొగుణ్ని ఎక్కడ పూడ్చారో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అంతోనమ్మ చేతిలో రాయి కింద పెట్టేసింది. ఉత్తుత్తి రాళ్లే కదా, సినిమానే కదా అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్.

"ఊరే ఆయన్ని రాళ్లతో కొట్టిందని రేపు మా పిల్లలు నమ్ముతారండీ. మేం వెయ్యం," అంది అంతోనమ్మ.

వెయ్యని వాళ్లకి ఇక ఏ సినిమాలోనూ పని ఉండదన్నాడు ఆదినారాయణ. మాతోటి ఆర్టిస్టు లక్ష్మయ్య మాతో గొడవపడ్డాడు. నలభై ఏళ్ల కిందటి చావు కోసం ఇవ్వాళ్టి పొయ్యి ఆర్పుకుంటారా అన్నాడు. ఆయన ఆకలి అబద్ధం కాదు. కొందరు ఆయన వెనక నిలబడ్డారు. మిగతావాళ్లం బుచ్చమ్మ చుట్టూ కూర్చున్నాం. షూటింగ్ ఆగిపోయింది.

అన్నంత పనీ చేశాడు ఆదినారాయణ. మా వీధుల్లోకి వ్యాను రావడం మానేసింది. ఆ సీను ఇంకెక్కడో, ఇంకెవరితోనో తీసుకున్నారు. వానాకాలంలో బుచ్చమ్మ మంచం పట్టింది. మందు తెచ్చే దారి ఆమెకూ లేదు, మాకూ లేదు. ఆ గుడిసెలోనే పోయింది. పాడె మోసిన వాళ్లలో లక్ష్మయ్య ఉన్నాడు. శ్మశానం దాకా పాడె ఇంకొకరికి అందివ్వలేదు.

సినిమా విడుదలైంది. మార్నింగ్ షోకి మేమంతా వెళ్లాం. తెర మీద రాళ్లు పడుతుంటే హాలంతా ఈలలు. అంతోనమ్మ లేచి బయటికి వచ్చేసింది. వెనకే మేమూ వచ్చి గేటుకి అడ్డంగా కూర్చున్నాం. వీరయ్యకు జోహార్ అని ముందు ఎవరన్నారో తెలీదు, అందరం అన్నాం. మ్యాట్నీకి వచ్చిన వాళ్లు ఆగి, వీరయ్య ఎవరని అడిగారు. చెప్పాం. బుచ్చమ్మ సంగతీ చెప్పాం.

పోలీసులు వచ్చారు. ఎప్పుడో చచ్చినవాడు మీకేమవుతాడని ఎస్సై అంతోనమ్మను అడిగాడు. ఆమె కోస్తాలో పుట్టింది. ఆ యుద్ధాన్ని కళ్లతో చూసింది కాదు.

"మావాడేనండీ," అంది.

ముందు ఆమెనే వ్యానెక్కించారు. టిక్కెట్లు చేతిలో పట్టుకున్న జనంలోంచి కొందరు వచ్చి, ఆమె లేచిన చోట కూర్చున్నారు. ఒక్క వ్యాను చాల్లేదు.