రేవు కింద చిక్కుకున్న వానపాము

ట్వైలాకు భయం లేని వస్తువు ఈ లోకంలో లేదని వాళ్ళ అక్క మాడీన్ ఊరంతా చెప్పుకు తిరిగేది. అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు. ట్వైలాకు ఉరుమంటే భయం, పామంటే భయం, వంతెన మీద ఎదురొచ్చే లారీ అంటే భయం. సరస్సులోకి పడవలు దించే చోట పాతిన హెచ్చరిక బోర్డులన్నీ నిలబడి పొల్లు పోకుండా చదివేది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ బోర్డుల ముందు నుంచే నడుస్తున్నా మాడీన్ ఒక్కదాన్ని కూడా చదివిన పాపాన పోలేదు.

అయినా శనివారం వచ్చిందంటే ఇద్దరూ కలిసే చేపలకు వెళ్ళేవాళ్ళు. మాడీన్ మొగుడు పోయాడు, ట్వైలా మొగుడు వదిలిపోయాడు. అక్కచెల్లెళ్ళకు మిగిలింది ఒకరికొకరు, ఒక పాత అల్యూమినియం పడవ. అలబామా ఎండాకాలం ఇళ్ళలో కూర్చుని భరించేది కాదు, నీళ్ళ మీదైతే కాస్త గాలన్నా తగులుతుంది.

ఆ రోజు కూడా ట్వైలా పడవ వెనకభాగంలో కూర్చుని ఎరగా వాడే ప్లాస్టిక్ వానపాములకు రింగులు తొడుగుతోంది. ఈ పని ఆమెదే. మెత్తటి వానపాము, వేలంత లావు, జానెడు కన్నా కాస్త తక్కువ పొడుగు. దాని నడుముకు నల్లటి చిన్న రబ్బరు రింగు తొడగాలి. కొక్కేన్ని వానపాము ఒంట్లో గుచ్చకుండా ఆ రింగు కిందుగా దూర్చాలి. అప్పుడది నీళ్ళలో రెండు కొసలూ వణికించుకుంటూ మెల్లగా దిగుతుంది. దాన్ని చూసి నోరు తెరవని బాస్ చేప ఉండదు. రింగు లేకుండా గుచ్చితే రెండు చేపలకే వానపాము చిరిగి నీళ్ళపాలవుతుంది.

ట్వైలా కుడిచేతి వేళ్ళకు స్పర్శ సరిగ్గా ఉండదు. పాతికేళ్ళు మేజోళ్ళ మిల్లులో కుట్టి కుట్టి, మిల్లు మూతపడ్డాక కూడా ఆ చెయ్యి రాత్రీ పగలూ తిమ్మిరెక్కుతూనే ఉంది. అందుకని మార్కర్ పెన్ను గొట్టం ఒకటి కోసి పెట్టుకుంది. ముందు గొట్టానికి రింగు ఎక్కించి, లోపలికి వానపామును సగందాకా తోసి, రింగును దాని నడుము మీదికి దొర్లించేది.

"ఆ కుట్టుపని ఆపి కాసిన్ని శనక్కాయలు ఇటివ్వవే," అంది మాడీన్ ముందుభాగం నుంచి. ఆమె కుర్చీలో కూర్చుని కాలితో చిన్న మోటారును తొక్కుతూ పడవను రేవుల వెంబడి నడుపుతోంది.

ట్వైలా ఉడకబెట్టిన వేరుశనగకాయల సంచి అందించింది. "నీవాడు ఎలా ఉన్నాడు?"

"ఎలా ఉంటాడు? తల సగం ఊడింది, తోక చివర లేదు. అయినా పెళ్ళికొడుకే!" మాడీన్ తన గాలానికి వేలాడుతున్న వానపామును ఎత్తి చూపించింది. పుచ్చకాయ తొక్క రంగు మీద ఎర్ర చుక్కలు. ఒళ్ళంతా పళ్ళ గాట్లు.

దాని కథ ఒకటుంది. ఫార్లీ ఎరల కొట్టులో గల్లాపెట్టె వెనక గోడకు ఒక మేకు ఉంది. ఒకే వానపాముతో ఎవరు ఎక్కువ చేపలు పడితే వాళ్ళ వానపాము, పేరు రాసిన చీటీతో సహా, ఆ మేకుకు వేలాడుతుంది. రింగు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. వానపామును మాత్రం అగ్గి చూపించి అతికించకూడదు. పోయిన ఏడాదిన్నరగా అక్కడ వేలాడుతున్నది హొబర్ట్ స్కేల్స్ వానపాము. ఆ పెద్దమనిషి మాడీన్ కనబడినప్పుడల్లా దాని ఆరోగ్యం గురించి మాట్లాడతాడు. ఆ ఉదయానికి మాడీన్ వానపాము అతని లెక్కను అందుకుంది. ఇంకొక్క చేప పడితే చాలు.

ఆ ఒక్క చేప గాలానికి తగిలింది కూడా. సరస్సులో వాగు కలిసే మలుపు దాటాక, ఎవరిదో వారాంతపు ఇల్లు. మనుషులెవరూ లేరు. ముందు చెక్క రేవు, రేవు పక్కన పడవను పైకెత్తే ఇనుప చట్రం, రేవు మీద తుప్పు పట్టిన పాత ఫ్రిజ్. మాడీన్ గాలం విసిరింది. పిల్లలు చెరువులో పెంకులు విసిరినట్టు వానపాము నీళ్ళ మీద గెంతుకుంటూ వెళ్ళి రేవు కింద నీడలో మునిగింది. దారం ఒక్కసారి పక్కకు నడిచింది.

"పడింది! పట్టుకో, పడవను పట్టుకో!"

పడవ వెళ్ళి రేవును కొట్టుకోకుండా ట్వైలా ఎడమచేత్తో పడవ అంచు పట్టుకుని, కుడిచేత్తో రేవుకు వేలాడుతున్న ఇనుప నిచ్చెనను పట్టుకుంది. చేతిలో చీమలు పాకినట్టయింది. మోచేతి దాకా జివ్వుమని పాకింది. చటుక్కున వదిలేసింది.

అదే క్షణంలో చేప చట్రం కాలు చుట్టూ తిరిగి, ఒక్క గుంజు గుంజి తప్పించుకుపోయింది. వానపాము మాత్రం కొక్కెంతో సహా నీటి అడుగున ఇనుప తీగకు తగులుకుని ఉండిపోయింది. మాడీన్ ఎటు లాగినా రాలేదు.

"దారం కోసెయ్యి అక్కా," అంది ట్వైలా.

"కోసెయ్యాలా? హొబర్ట్ గాడి మొహం మీద కొట్టాల్సిన వానపామును కోసి పారెయ్యాలా? నీకు మతిపోయిందా?" మాడీన్ అప్పుడే చెప్పులు విప్పుతోంది. "ఇక్కడ లోతు గుండెల దాకా కూడా ఉండదు. దిగి తీసుకొస్తా."

"దిగొద్దు. నిచ్చెన ముట్టుకుంటే చేతికి కరెంటులా తగిలింది."

"కరెంటా?"

"అవును. రేవుల దగ్గర నీళ్ళలోకి కరెంటు దిగుతుందని బోర్డు మీద రాసి ఉంటుంది కదా. ఈత కొట్టొద్దని."

మాడీన్ చెప్పు చేత్తో పట్టుకుని చెల్లెలి వైపు చూసి నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది. "నీ చెయ్యి తిమ్మిరెక్కని రోజు ఏదే? నిన్న కాఫీ కప్పు పట్టుకుని కూడా జివ్వుమంటోందన్నావు. కప్పులో కూడా కరెంటుందా? పోయిన నెల తాడు చూసి పాము పామని నన్ను ఒడ్డుకు పరిగెత్తించావు. ఆదివారం చర్చిలో ఆ కథ చెబితే పాస్టరు గారు కూడా నవ్వాపుకోలేకపోయాడు."

ట్వైలా మొహం ఎర్రబడింది. ఆ ఆదివారం ఆమెకు బాగా గుర్తుంది. మెట్ల దగ్గర జనం తన వైపు తిరిగి నవ్వుతుంటే తను కూడా నవ్వింది. నవ్వకపోతే మరీ బాగుండదు కదా. ఇంటికెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది.

"ఏదీ, మళ్ళీ ముట్టుకో. చూద్దాం," అంది మాడీన్.

ట్వైలా లేచి నిలబడి, ఊపిరి బిగబట్టి, ఒక వేలు నిచ్చెనకు ఆనించింది. ఏమీ లేదు. అరచెయ్యి పెట్టింది. ఏమీ లేదు. ఎండకు కాలిన ఇనుము వెచ్చగా తగిలింది, అంతే.

"ఊఁ? కాలి బూడిదైపోయావా?"

తన చెయ్యే తనను మోసం చేసిందనిపించింది ట్వైలాకు. ఎన్నేళ్ళుగా మోసం చేస్తోందో అది. భయం మాత్రం వదల్లేదు. కానీ ఆ భయాన్ని నమ్ముకుంటే వచ్చే ఆదివారానికి ఇంకో కథ తయారు.

"సరేలే, వెళ్ళు," అంది.

మాడీన్ పడవ పక్కనుంచి నీళ్ళలోకి జారింది. చల్లదనానికి హాయిగా ఒక కేక పెట్టి, దారం పట్టుకుని చట్రం వైపు నడిచింది. నీళ్ళు ఆమె రొమ్ముల దాకా వచ్చాయి.

ట్వైలా పడవలో కూర్చుంది. చుట్టూ చాలా నిశ్శబ్దంగా ఉంది. అంత నిశ్శబ్దం ఇందాక లేదనిపించింది. ఇందాక ఏదో మోగుతూ ఉండేది. గుర్రుమంటూ, ఎవరో ముసలివాడు గురక పెడుతున్నట్టు. అదేమిటా అని తలెత్తి రేవు వైపు చూసింది. పాత ఫ్రిజ్ కనబడింది. దాని వెనకనుంచి ఒక తీగ చెక్కల మీదుగా ఒడ్డునున్న స్తంభం దాకా పాకి ఉంది.

తను మొదటిసారి నిచ్చెన పట్టుకున్నప్పుడు ఆ ఫ్రిజ్ నడుస్తోంది. రెండోసారి ఆగి ఉంది.

ట్వైలాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అది ఫ్రిజ్. ఆగిన ఫ్రిజ్ మళ్ళీ నడుస్తుంది. ఎప్పుడు నడుస్తుందో ఎవరికీ తెలియదు.

అరవబోయి నోరు మూసుకుంది. అరిస్తే అక్క ఏం చేస్తుంది? పక్కనే ఉన్న నిచ్చెన పట్టుకుని ఎక్కుతుంది.

"అక్కా," అంది, గొంతు వణకకుండా. "నిచ్చెన జోలికి వెళ్ళకు. దేన్నీ ముట్టుకోకుండా పడవ దగ్గరికి వచ్చెయ్యి."

"వస్తున్నా, ఆగు. రింగు తీగలో ఇరుక్కుంది. బంగారం లాంటి రింగే, తెగదు కూడా!"

"అది వదిలెయ్. దణ్ణం పెడతా, వచ్చెయ్."

"మళ్ళీ మొదలెట్టావా? నీ భయం తగలెయ్య!"

ఇక మాటలతో లాభం లేదని ట్వైలాకు అర్థమైంది. ఇన్నేళ్ళ మాటల్లో ఒక్కటి చెల్లి ఉంటే ఇది చెల్లేది. పడవను చేతులతో రేవు పక్కకు తోసి, ఇనుము తగలకుండా మోకాలు చెక్క మీద పెట్టి, పాకుతూ పైకెక్కింది. ఫ్రిజ్ వైపు చూడకుండా తీగ వెంబడి ఒడ్డు వైపు పరిగెత్తింది.

"అక్కడికెందుకే? ఎవరైనా చూస్తే దొంగతనానికి వచ్చామనుకుంటారు. ఇదిగో వచ్చేసింది, మావాడు వచ్చే..."

వెనక టక్కుమంది. ఫ్రిజ్ గుర్రుమనడం మొదలుపెట్టింది.

మాడీన్ మాట పూర్తి కాలేదు.

ట్వైలా వెనక్కి తిరిగింది. అక్క చట్రం పక్కన నిలబడే ఉంది. నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. ఒక చెయ్యి నీళ్ళ పైన బిగుసుకుపోయి ఉంది. కళ్ళు మాత్రం కదులుతున్నాయి. ఆ కళ్ళు చెల్లెల్నే చూస్తున్నాయి. తర్వాత మెల్లగా, ఎవరో వెనకనుంచి తల వంచినట్టు, మొహం నీళ్ళలోకి వాలింది.

దూకెయ్యమని ఒళ్ళంతా అరిచింది. దూకితే ఇద్దరూ పోతారని బోర్డు మీద ఉన్న మాట ఆమెకు తెలుసు. అక్క మునుగుతుంటే చూస్తూ, వీపు తిప్పి, అక్కకు దూరంగా పరిగెత్తడం కన్నా కష్టమైన పని ఆమె జన్మలో చెయ్యలేదు. స్తంభం దగ్గర ప్లగ్గు పట్టుకుని లాగింది. మొద్దుబారిన వేళ్ళు జారిపోయాయి. మళ్ళీ లాగింది. మళ్ళీ జారాయి. "దేవుడా, దేవుడా" అంటూ తీగను మోచేతికి చుట్టుకుని, ఒంటి బరువంతా వేసి వెనక్కి పడిపోయింది. ప్లగ్గు ఊడి ఆమె ఒళ్ళో పడింది.

గురక ఆగింది.

ఇంకెక్కడైనా కరెంటు ఉందేమో ఆమెకు తెలియదు. తెలుసుకునే వ్యవధి లేదు. ఒడ్డునుంచే నీళ్ళలోకి దిగింది. కాలు పెట్టినప్పుడు కళ్ళు మూసుకుంది. ఏమీ కాలేదు. ఈడ్చుకుంటూ వెళ్ళి, అక్క జుట్టు దొరికితే జుట్టే పట్టుకుని తల పైకెత్తింది, చంకల కింద చేతులేసి ఒడ్డుకు లాగింది. బోర్లా పడేసి వీపు మీద గుద్దింది. ఊపిరి తీసుకోమని తిట్టింది, తనకు వస్తాయని కూడా తెలియని బూతులతో తిట్టింది. మాడీన్ ఒళ్ళు ఒకసారి ముడుచుకుంది. నోట్లోంచి నీళ్ళు, శనక్కాయలు బయటికొచ్చాయి. తర్వాత దగ్గు, తర్వాత ఒక ఏడుపు. ఆ ఏడుపు విన్నాక గానీ ట్వైలా ప్రాణం కుదుటపడలేదు.

ఫోనులో అంబులెన్సు వాళ్ళు దారిలో ఉన్నామన్నారు, ఆమెను కదలనివ్వద్దన్నారు. ట్వైలా అక్క తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వానపామును విడిపించేటప్పుడు కొక్కెం గుచ్చుకున్న తన బొటనవేలి వైపు కూడా మాడీన్ చూసుకోలేదు.

"అన్నీ వినపడుతూనే ఉన్నాయే," అంది బొంగురు గొంతుతో. "వెనక్కి తిరిగి నువ్వు పరిగెత్తడం కనబడింది. వదిలేసి పోతోందనుకున్నా."

"ఊరుకో. మాట్లాడకు."

"ముందు నువ్వే చెప్పావు కదా, కరెంటుందని."

"చెప్పాను."

"మళ్ళీ నువ్వే వెళ్ళమన్నావు." మాడీన్ కళ్ళు పైకెత్తి చూసింది. అందులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది. "ఎందుకే?"

ట్వైలా ఒక అబద్ధం కోసం వెతికింది. చెయ్యి మీద నమ్మకం లేక అనొచ్చు. రెండోసారి ఏమీ తగల్లేదు కదా అనొచ్చు. రెండూ కొంత నిజాలే.

"నువ్వు నవ్వుతావని, అక్కా," అంది. "కరెంటు కన్నా నాకు అదే ఎక్కువ భయమేసింది."

మాడీన్ పళ్ళు ఇంకా టకటకలాడుతూనే ఉన్నాయి. చెల్లెలి చెయ్యి వెతికి పట్టుకుంది.

"అయితే నన్ను చంపబోయింది ఆ ఫ్రిజ్ కాదన్నమాట," అంది, దూరంగా సైరన్ వినబడుతుండగా. "నా నవ్వు."